గడప కింద గాదె

పోరంకిలో దుర్గాప్రసాద్ ఇంటికి వెళ్లాలంటే చెప్పులు గేటు దగ్గరే విప్పాలి, సంచులు పోర్టికోలో దులపాలి, పళ్లు పట్టుకెళ్తే ఆయన ఒక్కొక్కటీ తిప్పి చూశాక గాని లోపలికి పోనివ్వడు. సొంత మేనత్త తెచ్చిన అరటి గెల మీద నల్లచీమ కనబడిందని ఆ గెలను ప్రహరీ బయటే వేలాడదీయించిన మనిషి ఆయన. మేనత్త మళ్లీ ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. చీమలు మాత్రం ఏ మొహమాటమూ లేకుండా వచ్చిపోతూనే ఉన్నాయి. ఆ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

ఉయ్యూరులో ఆయనకు పురుగుమందుల హోల్‌సేల్ దుకాణం ఉంది. వరికి దోమపోటు వస్తే ఏం కొట్టాలి, మినుముకు పురుగు పడితే ఏం కొట్టాలి అని పాతికేళ్లుగా రైతులకు చెప్పి చెప్పి, భూమ్మీద పాకేదీ ఎగిరేదీ ఏదైనా సరే తన పేరు వింటే వణుకుతుందని ఆయనకో నమ్మకం కుదిరింది. పెళ్లికి వెళ్లినా పరామర్శకు వెళ్లినా ముందు ఆ ఇంటి మూలలు చూస్తాడు. బొద్దింక కనబడిందా, ఆ ఇంటివాళ్ల చదువు, సంస్కారం, పెంపకం అన్నీ అక్కడికక్కడే తేల్చేస్తాడు. "ఇల్లు కట్టుకోగానే సరిపోదండీ, కాపాడుకోవడం రావాలి" అంటాడు. శవం లేచి రెండు గంటలు కాని ఇంట్లో కూడా ఆ మాట అన్నాడు. ఆ రోజు ఆయన భార్య శ్రీదుర్గకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రెండేళ్ల కిందట కట్టిన ఆ రెండంతస్తుల ఇంటికి కిటికీకి రెండేసి జాలీలు, తలుపుకు రెండేసి స్ప్రింగులు. బాత్‌రూము తూములకు మూతలు, మూతల మీద బరువులు. స్నానం చేయాలంటే ముందు బరువు తీయాలి, తర్వాత మూత తీయాలి, అయ్యాక మళ్లీ గుర్తుపెట్టుకుని రెండూ పెట్టాలి. అది చాలదన్నట్టు ప్రతి గదిలో ప్లగ్గుకు ఒక చిన్న యంత్రం. మనిషికి వినబడని మోత ఏదో అది చేస్తుందట, ఆ మోతకు ఎలుకలు ఊరొదిలి పారిపోతాయట. వినబడని మోత మోగుతోందో లేదో మనకెలా తెలుస్తుందని శ్రీదుర్గ ఒకసారి అడిగింది. ఎర్ర లైటు వెలుగుతోంది కదా అన్నాడు. ఎలుకలు లైటు చూసుకుని బయల్దేరతాయి కాబోలు అనుకుని ఊరుకుంది.

శ్రీదుర్గ నోరు లేని మనిషేమీ కాదు. అయితే ఇరవై ఏళ్ల కాపురంలో ఆయనతో వాదించడం కంటే లోపల్లోపల నవ్వుకోవడం తేలిక అని కనిపెట్టింది. ఆ నవ్వులో మొదట్లో కాస్త ముద్దు ఉండేది. ఏటేటా అది తగ్గుతూ వెక్కిరింత పెరిగింది. ఇప్పుడైతే అంతా వెక్కిరింతే.

ఆ ఇంట్లో ఆమెది అని చెప్పుకోదగ్గది ఒక్క ముందు గది. సింహద్వారం దాటగానే కుడివైపు ఉంటుంది, వీధిలోకి కిటికీ. అంతకు ముందు పదకొండేళ్లు బెంజ్ సర్కిల్ వెనక ఒక అద్దె ఫ్లాటులో మంగళగిరి చీరలు మంచం కింద పెట్టి అమ్మింది. ఫ్రిజ్ మీద పెట్టింది, ఇప్పుడు హాస్టల్లో చదువుకుంటున్న కూతురి పుస్తకాల వెనక దాచింది. కొనడానికి వచ్చినవాళ్లను మంచం మీద కూర్చోబెట్టి, వాళ్ల కాళ్ల మధ్య నుంచి మూటలు లాగి చూపించింది. ఇల్లు కట్టేటప్పుడు ఆమె అడిగింది ఒక్కటే, చీరలకు ఒక గది. దుర్గాప్రసాద్ సరేనన్నాడు. ఆ గదిలో గోడ పొడుగునా చెక్క అరలు, నేల మీద పరుపు, ఒక నిలువుటద్దం. పొద్దున్నే తలుపు తీస్తే కొత్త నూలు వాసన, గంజి వాసన కలిసి ముక్కుకు తగిలేవి. ఆ వాసనకు ఆమెకు ప్రాణం లేచొచ్చేది. ఆ గది పోతే పని పోతుంది. పని పోతే ఈ ఇంట్లో తను కూడా ఇంకో జాలీ తలుపే అని ఆమెకు బాగా తెలుసు.

ఈ ఏడు ఆమె చేతికి ఎన్నడూ రానంత మంచి ఆర్డరు వచ్చింది. నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ డయానా మేడం నలభై రెండు చీరలు అడిగింది. చదువు మొదలుపెట్టే పిల్లలు దీపాలు పట్టుకుని వరసగా నిలబడి ప్రమాణం చేసే రోజుకి, అందరికీ ఒకే రకం, తెల్ల నూలు చీర, నీలం అంచు. మంగళగిరిలో మాణిక్యం అనే పెద్దాయన, శ్రీదుర్గ బాబాయ్ అని పిలిచే నేతగాడు, రెండు నెలలు మూడు మగ్గాల మీద నేయించి ఇచ్చాడు. ఇరవయ్యో తేదీ కార్యక్రమం. ఎనిమిదో తేదీ పొద్దున ఆమె ఇస్త్రీ మడతలు సరిచూద్దామని కింది అరలో చీర ఒకటి తీసి విప్పింది.

చీర మడత మీద ఉన్నప్పుడు ఎలుక ఒక్క చోట కొరికితే చాలు. విప్పేసరికి అదే కంత వరసగా ఎనిమిది చోట్ల కనబడుతుంది. శ్రీదుర్గ దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. నీలం అంచు పొడుగునా రూపాయి బిళ్లంత కంతలు, అన్నీ సమానమైన దూరంలో. రెండో చీర విప్పింది, మూడోది విప్పింది. మూడూ అంతే. మాణిక్యం బాబాయ్ చేతులు గుర్తొచ్చి ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

దుర్గాప్రసాద్ వచ్చి చూశాడు. చీరల వంక కాదు, గది మూలల వంక.

"గంజి" అన్నాడు. "ఎలుక్కి గంజి వాసన తగిలితే చాలు, మైలు దూరం నుంచి వస్తుంది. ఇంత కట్టుదిట్టం చేసుకున్న ఇంట్లోకి బయట్నుంచి వచ్చే ఛాన్సే లేదు. మంగళగిరి నుంచి మూటలో నువ్వే తెచ్చుంటావు."

"ఎలుకను మూట కట్టుకుని, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చానంటారా?"

"పిల్లది అయ్యుంటుంది. తెలియదు."

"పోనీ మూటలు పై గదిలో పెట్టుకోనా నాలుగు రోజులు?"

"పైకి తెస్తే పైకొస్తాయి. ఆదివారం దాకా చూద్దాం. అప్పటికీ దొరక్కపోతే ఈ చీరల సంత మొత్తం బయటికి. ఈ గదిలో హోమ్ థియేటర్ పెట్టిద్దాం. ఎప్పణ్ణుంచో అనుకుంటున్నా."

ఎప్పణ్ణుంచో అన్న మాట ఆమెకు ఎలుక కొరికినదాని కంటే లోతుగా దిగింది. గది ఇచ్చిన రోజు నుంచీ తిరిగి తీసుకునే సాకు కోసం చూస్తున్నాడన్నమాట. ఎలుక పుణ్యమా అని ఇప్పుడు దొరికింది.

ఇక మూడు రోజులు దుర్గాప్రసాద్ ప్రతాపం చూడాలి. దుకాణం నుంచి మందు తెచ్చి, నూకల్లో కలిపి, నువ్వుల నూనె తగిలించి, ఆకుల్లో పొట్లాలు కట్టి మూలమూలకూ పెట్టాడు. పెళ్లి విస్తళ్లలో కూడా అంత శ్రద్ధగా ఎవరూ వడ్డించరు. ఎలుకలు ముట్టుకోలేదు. మందు మార్చాడు. అదీ ముట్టుకోలేదు. జిగురు అట్టలు పరిచాడు. వాటికి ఒక బల్లి, ఆయన ఎడమకాలి చెప్పు అంటుకున్నాయి. చెప్పు ఊడి రాక అట్టతో సహా పారేశారు. బోను పెట్టి అందులో పకోడీ గుచ్చాడు. పకోడీ ఎండిపోయింది. ఈ లోపల ఇంకో రెండు చీరలు పోయాయి. "వీటికి ట్రైనింగ్ ఉంది" అన్నాడు దుర్గాప్రసాద్ గంభీరంగా. జిల్లాలో సగం పొలాలకు మందు చెప్పే మనిషి ఇంట్లో ఎలుకలు ఆయన పెట్టింది తినడానికి కూడా ఒప్పుకోకపోవడం శ్రీదుర్గకు ఇంకో రోజైతే మంచి వినోదమే. ఈసారి ఆమెకు నవ్వు రాలేదు.

ఆమె మాణిక్యానికి ఫోన్ చేసి ఐదు చీరలు పోయాయని చెప్పింది. "మగ్గం మీదున్న పడుగు ఆపేసి నేయిస్తాలే అమ్మాయ్. పద్దెనిమిదికి అందుతాయి. మిగతావాటిని జాగ్రత్త చెయ్యి" అన్నాడు. ఆ తర్వాత ఆమె దుర్గాప్రసాద్ మాట కోసం చూడకుండా డయానా మేడం కాలేజీ హాస్టలుకు పనిచేసే పెస్ట్ కంట్రోల్ మనిషిని పిలిపించింది.

అతని పేరు బాలశౌరి. యాభై ఏళ్లుంటాయి, నిదానస్తుడు. చేతిలో ఒక టార్చి, పొడుగాటి స్క్రూడ్రైవరు, ఒక గోనెసంచి. లోపలికి రమ్మంటే రాలేదు. ముందు ఇంటి చుట్టూ తిరిగాడు, రెండుసార్లు. ప్లగ్గుల్లో ఎర్ర లైట్లు కిటికీలోంచి చూసి ఏమీ అనలేదు, అనకపోవడమే శ్రీదుర్గకు నచ్చింది. పోర్టికో మెట్ల పక్కన క్రోటన్ కుండీలు రెండు జరిపి, గొంతుకు కూర్చుని, "అమ్మా, ఒకసారి ఇటు రండి" అని పిలిచాడు.

మెట్టు రాయి కింద పిడికిలి దూరేంత బొరియ. దాని ముందు కొత్త మట్టి కుప్ప.

"ఎలుక కాదమ్మా ఇది, పందికొక్కు. దీన్తో పాటు ఇంకోటి ఉంటుంది." అతను స్క్రూడ్రైవరుతో మట్టి కెలికి, ఏవో ఏరి అరచేతిలో పోసుకున్నాడు. "ఈ పక్క గదిలో పప్పులు నిల్వ పెడతారా?"

"లేదు. వంటగది అటు వెనకాల ఉంది."

"మరి ఇవెక్కడివి? శనగ పొట్టు, కంది పొట్టు, ఇదిగో ఉలవలు. వడ్లు కూడా ఉన్నాయి. పొలం నుంచి తెచ్చుకుంటే వడ్లే తెస్తుంది. ఇన్ని రకాలు ఒక్క చోట నేనెక్కడా చూళ్లేదండీ."

శ్రీదుర్గ ఆ అరచేతిలోకి చూసింది. మినుములు, పెసలు, బొబ్బర్లు, నువ్వులు, గోధుమలు. తల తిప్పి సింహద్వారం వంక చూసింది. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పొద్దున తనే కడిగి ముగ్గేసిన గడప. వేళ్ల మీద లెక్కపెట్టింది, సరిగ్గా తొమ్మిది రకాలు.

సింహద్వారం నిలబెట్టేటప్పుడు గడప కింద చిన్న గుంట చేసి, నవధాన్యాలు తలా గుప్పెడు, పంచలోహాల ముక్కలు, ఒక వెండి నాణెం వేసి పైన గడప దించడం ఆనవాయితీ. గుప్పెడంటే గుప్పెడే. కానీ అంతకు నెల ముందు ఎదురింటి సుబ్బారావు గారు, ఇంజనీరుగా రిటైరై ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి, తన గడప కింద రకానికి కిలో చొప్పున పోయించాడని మేస్త్రీ నోరు జారాడు. అంతే, దుర్గాప్రసాద్‌కు అన్నం సయించలేదు. మనకు ఎకరాలున్నాయి, దుకాణం ఉంది, జీతం మీద బతికిన మనిషి కిలో పోస్తే మనం గుప్పెడు పోస్తామా అని రెండు రోజులు ఇల్లంతా తిరిగాడు. మూడో రోజు తేల్చాడు, రకానికి తొమ్మిది కిలోలు. తొమ్మిది తొమ్ముల ఎనభై ఒకటి. అంకె కూడా బ్రహ్మాండంగా ఉందన్నారు ముహూర్తం పెట్టిన సిద్ధాంతి గారు.

గడప కింద అంత ఖాళీ పెడితే ద్వారబంధం కుంగుతుందని మేస్త్రీ మొత్తుకున్నాడు. అయితే కట్టు అన్నాడు దుర్గాప్రసాద్. మేస్త్రీ ఇటుకలతో నాలుగు వైపులా గోడ లేపి, పైన రాతిపలక వేశాడు. గడప కింద గాదె కట్టడం తన అనుభవంలో అదే మొదలని చెప్పాడు. ధాన్యానికి భూమాత స్పర్శ ఉండాలని అడుగున సిమెంటు వేయనివ్వలేదు సిద్ధాంతి గారు. సంచులు ఒక్కొక్కటీ విప్పి పోస్తుంటే వీడియో తీశారు. సుబ్బారావు గారి దంపతులను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. శ్రీదుర్గ కూడా పట్టుచీర కట్టుకుని పెసలు పోసింది. ఆ మాట గుర్తొచ్చి ఇప్పుడు ఆమెకు తన మీద కూడా అసహ్యం వేసింది.

కిటికీకి రెండు జాలీలు, తూముకు మూత, మూత మీద బరువు, మేనత్త గెల ప్రహరీ బయట. గుమ్మం కింద మాత్రం ఎనభై ఒక్క కిలోల విందు. పందికొక్కులు వరి కోతలు కాగానే వెనక పొలం నుంచి వచ్చి, అడుగు నుంచి తవ్వుకుని గాదెలోకి దిగాయి. తిన్నాయి, పెరిగాయి, గోడ వెంట కరెంటు పైపు పక్క సందు పెద్దది చేసుకుని ముందు గదిలో అర వెనక తేలాయి. బాలశౌరి అర జరిపి ఆ సందు కూడా చూపించాడు. కంతకు నీలం దారం పోగు ఒకటి అంటుకుని ఉంది.

సాయంత్రం దుర్గాప్రసాద్ రాగానే బాలశౌరి సంగతి చెప్పాడు.

"నాకు ఎలుకల గురించి చెప్తున్నావా?" అన్నాడు దుర్గాప్రసాద్.

"మీకు చెప్పేంతవాణ్ణి కాదండీ. మీ మందు ఎందుకు తినలేదో చెప్తున్నా. కడుపు నిండా పప్పులు తిన్నది నూకలెందుకు ముట్టుద్ది? ద్వారబంధం కదిలించక్కర్లేదు సార్. పోర్టికో వైపు మెట్టు రాయి తీస్తే చాలు. లోపలున్నది తీసేసి, కాంక్రీటుతో నింపేస్తే మళ్లీ రావు."

"గడప కింద చెయ్యి పెట్టడం అంటే ఏంటో తెలుసా నీకు? లక్ష్మి వెళ్లిపోతుంది."

"లక్ష్మి సంగతి మీరూ సిద్ధాంతి గారూ చూసుకోండి" అంది శ్రీదుర్గ. "పందికొక్కులు వెళ్లిపోతాయి, నాకది చాలు."

"కుదరదు. ఆదివారం గది ఖాళీ చెయ్యి. చీరలు లేకపోతే అవే పోతాయి."

శ్రీదుర్గకు ఇరవై ఏళ్లుగా లోపల దాచుకున్న నవ్వు ఆ నిమిషాన ఎండిపోయింది. కోపం కూడా రాలేదు, చల్లగా అయిపోయింది.

"అలాగేనండీ" అంది. "ఆదివారం ఖాళీ చేస్తాను. చీరలెందుకు మారుస్తున్నావని డయానా మేడం అడుగుతారు, మాణిక్యం బాబాయ్ అడుగుతారు, ఎదురింటావిడ అడుగుతారు. నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. పురుగుమందుల దుర్గాప్రసాద్ గారు గడప కింద పందికొక్కుల్ని మేపుకుంటున్నారు, వాటికి గది చాలట్లేదని చెప్తాను."

దుర్గాప్రసాద్ ఎదురింటి వంక చూశాడు. సుబ్బారావు గారు మేడ మీద మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. దుర్గాప్రసాద్ లోపలికి వెళ్లి తలుపు వేసుకుని సిద్ధాంతి గారికి ఫోన్ చేశాడు. అరగంటకు బయటికొచ్చి, గురువారం ఉదయం పది గంటల ఇరవై రెండు నిమిషాలకు తీయవచ్చట అన్నాడు. పందికొక్కులకు కూడా ముహూర్తం కుదిరింది.

గురువారం సిద్ధాంతి గారు వచ్చి గడపకు కొబ్బరికాయ కొట్టారు. మేస్త్రీ మెట్టు రాయి మీద నాలుగు దెబ్బలు వేసి పక్కకు జరిపాడు. ముందు వాసన వచ్చింది, ముక్కిపోయిన పప్పు వాసన, దాని వెనక ఇంకేదో. బాలశౌరి బొరియ నోటికి సంచి బిగించి పట్టుకున్నాడు. రెండు పెద్దవి, కుక్కపిల్లలంత ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి సంచిలో పడ్డాయి. దుర్గాప్రసాద్ ఎప్పుడు వెళ్లాడో, జాలీ తలుపు అవతల నిలబడి ఉన్నాడు.

మేస్త్రీ చేత్తో తీశాడు. ఎనభై ఒక్క కిలోల్లో బకెట్‌డు కూడా మిగల్లేదు, మిగిలింది పొట్టు, మట్టి, పెంటికలు. వెండి నాణెం నల్లబడి కనబడింది. అడుగున ఒక మూల తెల్ల నూలు, నీలం నూలు కలిపి ముద్దగా పేర్చిన గూడు. అందులో ఎర్రగా, కళ్లు తెరవని పిల్లలు ఆరు. శ్రీదుర్గ ఆ నూలు గుర్తుపట్టింది. తల్లి పందికొక్కు ఎంత మెత్తగా చీల్చి పేర్చింది. దానిమీద ఆమెకు కోపం రాలేదు. పిలిచి పెట్టారు, వచ్చింది. పిల్లలకు పరుపు కావలసొచ్చింది, పక్క గదిలో దొరికింది. బాలశౌరి గూడుతో సహా పిల్లలను సంచిలోకి ఎత్తుకున్నాడు.

"అయిపోయిందమ్మా. ఇక కాంక్రీటు పోయించెయ్యండి" అన్నాడు.

శ్రీదుర్గకు గుండె తేలికపడింది. ముప్పై ఏడు చీరలు బాగున్నాయి, ఐదు మగ్గం మీద ఉన్నాయి, గది నిలిచింది. ఆ క్షణాన ఆమె మొగుణ్ణి కూడా క్షమించేదే, ఆయన జాలీ తలుపు తీసుకుని బయటికి వచ్చి నోరు తెరవకుండా ఉంటే.

"సిద్ధాంతి గారూ, ఇలా జరగడం దోషమేమో" అన్నాడు దుర్గాప్రసాద్.

సిద్ధాంతి గారు గుంటలోకి చూసి గడ్డం నిమురుకున్నారు. "దోషమెందుకవుతుందండీ. మూషికం విఘ్నేశ్వరుడి వాహనం. మీరు పెట్టినది భూమాత ఆయన ద్వారా స్వీకరించింది. మహా శుభం. అయితే గుంట ఖాళీగా ఉంచకూడదు."

దుర్గాప్రసాద్ ముఖం విప్పారింది. పోయిన పరువంతా ఒక్క మాటతో వెనక్కి వచ్చేసింది. "ఈసారి నూట ఎనిమిది కిలోలు పోద్దాం. రకానికి పన్నెండు" అన్నాడు.

"దివ్యంగా ఉంటుంది" అన్నారు సిద్ధాంతి గారు.

"పోనీ స్టీలు డ్రమ్ములో పోసి మూత బిగించండి సార్" అన్నాడు బాలశౌరి, సంచి మూతి కడుతూ.

"ధాన్యానికీ నేలకీ మధ్య ఇనుము అడ్డం రాకూడదు."

శ్రీదుర్గ ముందుకు వచ్చింది. "ఏవండీ, గుప్పెడు వేయండి. మీ నాన్నగారు గుప్పెడే వేశారు, మా నాన్న గుప్పెడే వేశారు. గుప్పెడు వేసి, పైన సిమెంటు పోయించండి. ఇంకేమీ అడగను మిమ్మల్ని."

"ఒకసారి ఎనభై ఒకటి పోసి ఇప్పుడు గుప్పెడు వేస్తే వీధిలో ఏమనుకుంటారు? దిగజారిపోయాడనుకోరా?" ఆమె ముఖం చూసి ఆయన కాస్త మెత్తబడ్డాడు. "నీ గది నీకే ఉంచుతాలే. హోమ్ థియేటర్ పైన పెట్టుకుందాం. ఇంకేం కావాలి నీకు? నాలుగు జిగురు అట్టలు ఎక్కువ పెట్టిస్తా."

ఆమె ఆయన వంక చూసింది. తను బతిమాలితే ఆయన ఇంకో గంట వింటాడు, తల ఊపుతాడు, నూట ఎనిమిది కిలోలు పోస్తాడు. ఆ తర్వాత ఆమె ప్రతి పొద్దునా చీరలు విప్పి వెలుతురుకి పట్టి చూసుకుంటూ బతకాలి. ఆయన ఇచ్చిన గది, ఆయన ఉంచిన గది, ఆయన మేపే పందికొక్కులు. ఆమె లోపలికి వెళ్లి మాణిక్యానికి ఫోన్ చేసింది.

"బాబాయ్, మీ ముందు గది ఖాళీగానే ఉందా?"

"అక్కడి మగ్గం ఎప్పుడో తీసేశాం, ఖాళీయే అమ్మాయ్. ఎందుకు?"

"నేనూ చీరలూ వస్తున్నాం. పొద్దున వచ్చి సాయంత్రం పోతాను. అమ్ముకోవడం అక్కణ్ణుంచే."

"వచ్చెయ్" అన్నాడాయన. ఎందుకని మళ్లీ అడగలేదు.

ముప్పై ఏడు చీరలు, మిగతా సరుకు, నిలువుటద్దం సర్దేసరికి మధ్యాహ్నమైంది. బాలశౌరి తనకు తెలిసిన ట్రాలీ ఆటో పిలిచి, మూటలు తనే ఎక్కించాడు. దుర్గాప్రసాద్ మొదట ఇదేదో అలక అనుకున్నాడు. అరలు ఖాళీ అయ్యాక గాని ఆయనకు ఎక్కలేదు.

"ఎలుకలు పోయాక ఎవరైనా ఖాళీ చేస్తారా?" అన్నాడు.

"మళ్లీ పిలుస్తున్నారుగా."

"మంగళగిరిలో ఎలుకలుండవా ఏంటి?"

"ఉంటాయి. అక్కడ వాటికి ఎవరూ వడ్డించరు."

"చీరలకని ఎవరైనా ఇక్కడికొస్తే ఏం చెప్పమంటావు?"

"నూట ఎనిమిది కిలోలని చెప్పండి. మీకు చెప్పుకోవడం ఇష్టమేగా."

ఆమె ముందు సీటులో డ్రైవరు పక్కన కూర్చుంది. ఆటో గేటు దాటబోతుండగా ఎదురుగా ఇంకో ఆటో వచ్చి ఆగింది, నిండా నవధాన్యాల గోనెసంచులు. సందు ఇరుకు, రెండూ పట్టవు. ఒకటి వెనక్కి పోవాలి. ఎదురింటి మేడ మీద సుబ్బారావు గారు నీళ్ల పైపు పట్టుకుని చూస్తున్నాడు. దుర్గాప్రసాద్ పరుగెత్తుకొచ్చి సంచుల ఆటో వెనక నిలబడ్డాడు. సంచులు గోడకు రాసుకుని చిరగకుండా చెయ్యి అడ్డం పెట్టి, నిదానం నిదానం అంటూ దాన్ని తనే జాగ్రత్తగా వెనక్కి నడిపించి, భార్య వెళ్లడానికి దారి చేశాడు.